తొట్టిలోంచి లేచిన మేఘం

ఆ రోజుల్లో శుభ్రానికి కొలత ముక్కే. నేల ఎంత తెల్లబడిందో ఎవరూ చూసేవాళ్లు కాదు, ముక్కు ఎంత మండిందో చూసేవాళ్లు. మండితే క్రిములు చచ్చినట్టు, కళ్లలో నీళ్లు తిరిగితే ఇల్లు పండుగకు సిద్ధమైనట్టు. మా అమ్మ అయితే ఫినాయిల్ వాసన గడప దాటి వీధిలోకి పోయేదాకా చీపురు దించేది కాదు ("ఎదురింటోళ్లకు తెల్వకపోతే కడిగి ఏం లాభమే?" అనేది). దానికి తోడు మాది ప్రార్థనలో పెరిగిన కుటుంబం. ఒక్కరు అడిగినదానికంటే ఇద్దరు ఏకమై అడిగినదానికి బలమెక్కువని ఊయలలో ఉన్నప్పటి నుంచీ విన్నవాళ్లం. ఆ నమ్మకాన్నే సీసాలకూ పొడులకూ అంటగట్టాం. ఒక మందు మంచి చేస్తే, రెండు మందులు ఏకమైతే ఇంకెంత మంచి చేస్తాయి! బైబిలు వాక్యం చెప్పింది మనుషుల గురించి గానీ బాత్‌రూం యాసిడ్ గురించి కాదని మాకు ఒక శనివారం సాయంత్రం తెలిసింది. తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నవ్వు వెనకాలే, దాచుకోవడం ఎందుకు, బోలెడంత గర్వమూ వస్తుంది.

మా ఊరు మానవపాడుకు దగ్గర, తుంగభద్రకు ఇంకా దగ్గర. నది వానాకాలం పొంగి భయపెడుతుంది, ఎండాకాలం ఎండి సిగ్గుపరుస్తుంది కాబట్టి సంఘ పెద్దలు మందిరంలోనే, మనిషి మునిగేంత బాప్తిస్మపు తొట్టి కట్టించారు. పాటలు పాడేవాళ్లు నిలబడే వేదిక ముందు, నేలలోకి తవ్వి, సిమెంటు చేసి, పైన చెక్క పలకలు పరిచారు. ఆ తొట్టి కట్టిన మేస్త్రీ ఎవరో కాదు, మా నాయిన. బొంబాయి, పూనా పోయి పెద్ద పెద్ద మేడలు కట్టి వచ్చిన చేతులతో ఎంతో మురిపెంగా దాన్ని నున్నగా తీర్చాడు. కట్టడం కట్టాడు గానీ అందులో దిగలేదు. అమ్మ పెళ్లయిన నాటి నుంచి తెల్లవారుజామున లేచి ఆయన కోసం ప్రార్థించేది. ఆయన ప్రతి ఆదివారం అమ్మను బండి మీద తెచ్చి దింపి, లోపలికి రాకుండా బయట అరుగు మీద కూర్చునేవాడు. బీడీ కాలుస్తూ ప్రసంగమంతా వినేవాడు. ఇంటికి పోయేటప్పుడు, అయ్యగారు (మా పాస్టరును అందరం అలాగే పిలుస్తాం) ఈ వారం ఎక్కడ దారి తప్పాడో అమ్మకు వివరంగా చెప్పేవాడు.

బాప్తిస్మం మాటెత్తితే ఏటా ఒక కొత్త వంక. ఒక ఏడు మోకాలు నొప్పి. ఒక ఏడు బీడీ మానలేదని తానే తనమీద నేరం మోపుకున్నాడు. ఒక ఏడు, "నేను కట్టిన తొట్టిల నేనే మునిగితే, మేస్త్రీకి వేరే నీళ్లు దొరకలేదా అని నవ్వుతరు" అన్నాడు. నేను డిగ్రీ ముగించి గద్వాలలో ఒక చిన్న బడిలో తెలుగు చెప్పే ఉద్యోగంలో చేరిన సంవత్సరం, క్రిస్మస్‌కు ముందు, అయ్యగారు మా ఇంటికే వచ్చి అడిగారు. నాయిన చాలాసేపు చూరు వైపు చూశాడు. ఆ చూపు మాకు తెలుసు, వంక వెతుకుతున్నాడు.

"మునుగుత అయ్యగారూ, మునగనని ఎవరన్నరు? గానీ గా తొట్టిని సూసిన్రా? పాకురు పట్టి సెరువు మెట్ల లెక్క అయిందంట. అద్దం లెక్క కట్టిచ్చిన, ఆగం జేసిన్రు. మల్ల అద్దం లెక్క జేయున్రి, వచ్చే ఆదివారమే మునుగుత."

తొట్టి ఆ వారంలో మెరిసే ప్రశ్నే లేదన్న ధైర్యంతో అన్న మాట అది. కానీ వంటింట్లోంచి అమ్మ అప్పటికే "స్తోత్రం!" అనేసింది. స్తోత్రం పడ్డాక మా ఇంట్లో మాట వెనక్కి తీసుకునే వీల్లేదు. ఆ రాత్రి అమ్మ నా పక్కన కూర్చుని, "బిడ్డా, గా తొట్టి మెరవాలె. మెరవకపోతే మల్ల ఏడాది దాకా ఆ మనిషి నోరు తెరువడు" అన్నది. అన్నేళ్ల ప్రార్థన ఒక పాకురు పొర దగ్గర ఆగి ఉందన్నమాట.

అయితే తొట్టి కడగడానికి సంఘంలో ఇద్దరు హక్కుదారులు తేలారు. ఒకటి యవ్వనస్తుల సంఘం, అంటే పాటలు నడిపించే నేనూ, నా వయసు నలుగురైదుగురూ. రెండోది స్త్రీల సమాజం, అంటే మా పెద్దమ్మ. (సమాజంలో ఇంకా చాలామంది ఉన్నారు. కానీ పెద్దమ్మ ఉన్నచోట మిగిలినవాళ్లు లెక్కకు రారు. ఊళ్లో ఆమెను కలెక్టరమ్మ అనేవాళ్లు.) శుక్రవారం మందిరం ముందే తేలిపోవలసిన యుద్ధం అది.

"యూత్ అంటే గిటారు గోకుడే అనుకున్న. కడుగుడు గూడ వస్తదా మీకు?" అన్నది పెద్దమ్మ.

"మీ సమాజపోళ్లు చాయ్ తాగి లేశేలోపల మేం కడిగి ఆరబెడ్తం పెద్దమ్మా."

"నీ ఇంట్ల నీ పళ్లెం కడుగవని మీ అమ్మ మొత్తుకుంటది. తొట్టి కడుగుతదట, తొట్టి!"

నాగర్‌కర్నూలులో ఏవో సభలకు బయలుదేరుతున్న అయ్యగారు మా మధ్యకు వచ్చి, "ఎవరు కడిగినా మహిమ దేవునిదే" అన్నారు. ఇద్దరం తలలు వంచి ఆమేన్ అన్నాం. మహిమ దేవునిదే గానీ ఆదివారం సంఘం ముందు లేచి, దేవుడు మా చేత చేయించాడని సాక్ష్యం చెప్పే అవకాశం ఎవరిదో ఆయన తేల్చలేదు. అసలు గొడవంతా దాని గురించే.

శనివారం మధ్యాహ్నం ఎవరూ లేని వేళ చూసి మేము వెళ్లాం. గద్వాల నుంచి తెచ్చిన బ్లీచింగ్ పౌడర్ సంచీ విప్పి, తొట్టి అడుగంతా మందంగా చల్లి, కుండెడు నీళ్లు చిలకరించి, నానడానికి వదిలి పలకలు మూసేశాం. సాయంత్రం ఉపవాస ప్రార్థన అయ్యాక వచ్చి కడిగేస్తే చాలు. ఎవరికీ చెప్పలేదు. చెబితే పెద్దమ్మ చీపురు పట్టుకుని వచ్చి సగం పుణ్యం ఊడ్చుకుపోతుందని.

పెద్దమ్మ కూడా ఎవరికీ చెప్పలేదు. మోపెడ్ మీద యాసిడ్, ఫినాయిల్, చీపుర్లు అమ్ముకుంటూ ఊరూరా తిరిగే ఒకతను ఉండేవాడు. అతని దగ్గర బాత్‌రూం యాసిడ్ పెద్ద డబ్బాలు కొని చీర కొంగు కింద దాచి తెచ్చింది. అందరికంటే ముందు మందిరంలోకి వచ్చి, మూల పలక కొంచెం ఎత్తి, ఆ చీకట్లోకి డబ్బాలు బోర్లించి మళ్లీ మూసేసింది. తర్వాత ఆమే చెప్పింది, అప్పుడు మనసులో అనుకున్నదేమిటో: "మనం మోకాళ్ల మీదున్నంతసేపు అది దాని పని అది జేసుకుంటదిలే."

చేసుకుంది.

చలికాలం, దానికి తోడు బయట పిల్లల గోల. అందుకని కిటికీలన్నీ మూసి ప్రార్థన మొదలుపెట్టారు. ఆడవాళ్లంతా చాపల మీద మోకరించి, నొసలు నేలకు ఆనేంతగా వంగారు. ముందు వరసలో, తొట్టి పలకల పక్కనే, పెద్దమ్మ. ఆమె పక్కన మా వదినె, నిండు గర్భిణి. వాళ్లిద్దరి ముందు, పలకలకు ఆనుకుని, చెవులు సరిగ్గా వినపడని ఒక అవ్వ. ఆ అవ్వ ఎప్పుడూ అందరికంటే ముందు కూర్చునేది, దేవునికైనా దగ్గరి నుంచి చెబితేనే వినపడుతుందన్నట్టు. అమ్మ వెనక వరసలో. నేను ఒక్కదాన్నే వేదిక మీద నిలబడి మైకు పట్టుకుని పాట ఎత్తుకున్నాను.

రెండో చరణంలో ఉండగా చూశాను. పలకల సందుల్లోంచి ఏదో లేస్తోంది. తెలుపు కాదు, పసుపు కాదు, ఆ రెంటి మధ్య ఆకుపచ్చ కలిసిన ఒక మసక. నెమ్మదిగా నేల మీద పాకుతూ మోకరించిన వాళ్ల వైపు పోతోంది. చిన్నప్పటి నుంచి వాక్యంలో మేఘం గురించి విని విని పెరిగినదాన్ని. మందిరమంతా నిండిపోయే మేఘం, దేవుని సన్నిధి దిగివచ్చే మేఘం. ఉన్నదున్నట్టు చెప్పాలంటే, నా ఒళ్లు జల్లుమంది. మా ఊరికి! మా చిన్న మందిరానికి! అదీ నేను పాడుతుండగా! (ఆ చివరి ఆలోచన వచ్చినప్పుడే అనుమానపడవలసింది.)

పెద్దమ్మ తలెత్తి చూసింది. రెండు చేతులూ పైకి లేపింది. "దిగుతున్నది! అమ్మలారా, దిగుతున్నది! మేఘం దిగుతున్నది!" అని అరిచింది. ఇక చూడాలి. అందరి కళ్లలో ధారగా నీళ్లు. అందరి గొంతుల్లో పూడిక. ఏళ్ల తరబడి పక్కింటివాళ్లతో మాట్లాడనివాళ్లు కూడా వాళ్లను పట్టుకుని ఏడుస్తున్నారు. అంత పశ్చాత్తాపం మా సంఘం చరిత్రలో ఎన్నడూ లేదు. దగ్గు మధ్య స్తోత్రం, స్తోత్రం మధ్య దగ్గు.

అప్పుడు వదినె దగ్గింది. ఆ దగ్గు ఆగలేదు. ఒక చెయ్యి పొట్ట మీద, ఒక చెయ్యి గోడ మీద వేసి గాలి కోసం నోరు తెరిచింది. అదే క్షణంలో నా ముక్కుకు వాసన తగిలింది. మధ్యాహ్నం మేము చల్లిన పొడి వాసనే, కానీ నూరింతలు ముదిరినట్టు, గొంతులోకి నిప్పు దించినట్టు. దేవుని సన్నిధికి బ్లీచింగ్ పౌడర్ వాసన ఉండదని చెప్పడానికి ఏ వేదాంత కళాశాలా అక్కర్లేదు.

మైకులో అరిచాను. "లేవండి! అందరు బయటికి పోండి! అది విషం!"

"స్తోత్రం!" అన్నారందరూ.

"అయ్యో, మేఘం కాదు! పొగ, పొగ!"

"పొగే తల్లీ, మహిమ పొగే! హల్లెలూయ!" అన్నది పెద్దమ్మ, దగ్గుకు వంగిపోతూ. నా అరుపును కూడా ఆత్మావేశం కిందే జమ కట్టారు. వెనక నుంచి ఎవరో, "పిల్లకు గూడ దిగింది!" అన్నారు. నా కళ్లలోనూ నీళ్లు కారుతున్నాయి కదా మరి, ఎవరు మాత్రం ఏమనుకుంటారు? ఒక్కొక్కరినీ లాగుదామంటే అంతమందిని నేనొక్కదాన్ని ఎంతసేపని లాగను! మసక అప్పటికే రెండో వరస దాటింది.

మా సంఘం సంగతి తెలియనివాళ్లకు ఒక మాట చెప్పాలి. మావాళ్లు ప్రార్థనలో ఉంటే ఉరుము ఉరిమినా లేవరు. వాన కురిసి కప్పు కారినా లేవరు. కానీ చివర్లో అయ్యగారు రెండు చేతులూ చాచి ఆశీర్వాదం పలికి, ఆమేన్ అన్నాక మాత్రం ఒక్కరూ కూర్చోరు. ఎక్కడి నిద్ర అక్కడ వదిలి, పుస్తకం చంకలో పెట్టి, చెప్పుల కోసం తలుపు వైపు కదులుతారు. ఆశీర్వాదం లేకుండా వెళ్లడం ఎంత తప్పో, అయ్యాక ఆగడం అంత అనవసరం. అది మాకు ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. అయితే ఆ ఆశీర్వాదం పలికే హక్కు అయ్యగారిది. ఆయన లేకపోతే సంఘ పెద్దది. ఆడపిల్ల పలకడమన్నది మా మందిరంలో ఎవరూ ఊహించను కూడా లేదు, నిషేధించడానికి కూడా ఎవరికీ తోచనంతగా.

నేను మైకు నిలబెట్టి రెండు చేతులూ చాచాను. అయ్యగారి రాగంలోనే, ఆయన సాగదీసే చోట సాగదీసి, ఆగే చోట ఆగి (ఆగినప్పుడు ఊపిరి పట్టుకుని), ఆశీర్వాదం మొత్తం పలికాను. మధ్యలో గొంతు చీలింది. అయినా వదల్లేదు. సగం ఆశీర్వాదానికి మావాళ్లు సగమే లేస్తారని నాకు తెలుసు. "ఆమేన్" అన్నాను.

"ఆమేన్!" అన్నారందరూ. లేచారు. మోకాళ్లు దులుపుకున్నారు. సంచులు తీసుకున్నారు. ఏడుస్తూ, దగ్గుతూ, ఒకరినొకరు పట్టుకుని వరసగా తలుపు తెరుచుకుని బయటికి నడిచారు. పెద్దమ్మ కూడా, చేతులు పైకెత్తి ఉన్న మనిషి, ఆ ఆమేన్ వినగానే చేతులు దించి చీర సర్దుకుంది. ఆ వెనకే వదినె రెక్క పట్టుకుని నేను. గుమ్మం దాటగానే చల్లగాలి ముఖాన కొట్టింది, నా జీవితంలో అంత రుచిగల గాలి అంతకుముందు ఎన్నడూ పీల్చలేదు.

లెక్క చూసుకుంటే ఒక మనిషి తక్కువ. ఆశీర్వాదం వినపడని అవ్వ. ఇంకా లోపలే, పలకల పక్కనే, నొసలు నేలకానించి ఉంది.

నేను వెనక్కి తిరిగేలోపే, ఆ రోజూ అమ్మను దింపి అరుగు మీదే కూర్చున్న నాయిన లేచాడు. బీడీ పారేసి, తలకు చుట్టిన తువ్వాలు కుండలో ముంచి మూతికి కట్టుకుని లోపలికి పోయాడు. అమ్మ పెట్టిన కేక నాకిప్పటికీ చెవిలో ఉంది. తొట్టి కట్టాక ఆయన ఆ గడప దాటడం అదే మొదలు. వరసల మధ్యనుంచి వేదిక ముందు దాకా పోయి, వంగి, మోకాలు నేలకు ఆనించి, అవ్వను సిమెంటు మూటలాగా భుజానికెత్తుకుని బయటికి వచ్చాడు. వచ్చి అరుగు మీద కూలబడి దగ్గాడు, దగ్గాడు, కళ్లు చింతనిప్పులయ్యేదాకా దగ్గాడు.

బోరు దగ్గర అందరి ముఖాల మీదా, కళ్లలోనూ నీళ్లు కొట్టాం. మందిరం తలుపులు బార్లా తెరిచి వదిలేశాం, ఎవరినీ లోపలికి పోనివ్వలేదు. అంబులెన్సు వచ్చింది, పట్టనివాళ్లు ఆటోల్లో ఎక్కారు, అందరం గద్వాల దవాఖానకు పోయాం. అక్కడ డాక్టరమ్మ అందరి ఛాతీలూ చూసి, వదినెకూ నాయినకూ ముక్కుకు గాలి గొట్టం పెట్టించి, మా అందరి ముందు నిలబడింది.

"తొట్టిల ఏమేమి పోసిన్రు?"

"బ్లీచింగ్ పౌడర్" అన్నాను నేను.

"యాసిడ్" అన్నది పెద్దమ్మ, ఎటో చూస్తూ.

ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. డాక్టరమ్మ నెత్తి పట్టుకుంది. "అమ్మా, ఏదానికదే వాడుకోవాలె, గదీ జర్ర జాగ్రత్తగ. రెండు కలిస్తే విషపు గాలి పుడ్తది. అది బరువు గాలి, పైకి పోదు, నేల మీదనే పాకుతది. మీరేమో నేలకు ముక్కు పెట్టి కూసున్నరు. ఇంకొంచెం సేపయితే నేను ఇక్కడ మాట్లాడకపోయేదాన్ని, మీ అయ్యగారు సమాధుల కాడ మాట్లాడేటోడు. ఇంతకీ కలిపిన మహానుభావులు ఎవరు?"

రెండు రోజులుగా ఆ తొట్టి ఘనత కోసం కొట్టుకున్న ఇద్దరం, ఒక్కసారిగా దాన్ని ఎదుటివాళ్లకు ఎంతో వినయంగా వదిలేశాం. "పెద్దలు, వాళ్లే ముందు" అన్నాను నేను. "పిల్లలు కష్టపడ్డరు, వాళ్లదే పేరు" అన్నది పెద్దమ్మ. దగ్గుతూనే వార్డంతా నవ్వింది.

వదినెకూ బిడ్డకూ ఏమీ కాలేదని చెప్పాక అమ్మ నాయిన మంచం పక్కకు వచ్చి కూర్చుంది. ముఖం చిన్నబోయి ఉంది. నాకు అర్థమైంది. మనిషి బతికాడు. కానీ తొట్టి పోయింది. రేపటి బాప్తిస్మం పోయింది. ఆయనకు ఏడాది పొడుగునా సరిపోయే వంక, ఎవరూ కాదనలేని వంక, మేమే చేతులారా తయారుచేసి ఇచ్చాం.

అప్పుడు పక్క మంచం మీది నుంచి అవ్వ గట్టిగా మొదలుపెట్టింది (వినపడనివాళ్లకు మెల్లగా మాట్లాడటం రాదు కదా). "నేను సూసిన! నా కండ్లతోని సూసిన! మేస్త్రీ ముందుకొచ్చిండు! అందరు పోయినంక ఒక్కడే ముందుకొచ్చి మోకాలేసిండు! నన్ను పట్టుకున్నడు! ఇన్నేండ్లకు ముందుకొచ్చిండు!"

మా సంఘంలో "ముందుకు రావడం" అంటే మామూలు నడక కాదు. ప్రసంగం చివర అయ్యగారు పిలిచినప్పుడు, బతుకును దేవునికి అప్పగించుకున్నవాళ్లు లేచి వేదిక ముందుకు పోయి మోకరిస్తారు. ముందుకు వచ్చిన మనిషి వచ్చినట్టే. అందరూ నాయిన వైపు చూశారు. ఆయన గాలి గొట్టం పక్కకు జరిపి, "అవ్వా, నేనొచ్చింది నీ కోసమే" అన్నాడు.

"ఆఁ?"

"నీ కోసమని వచ్చినా!"

"అదే గదరా నేను సెప్తున్నది! దేవుని కోసం వచ్చినోడు మనిషిని ఎత్తుకోకుంట ఎట్ల పోతడు?"

నాయిన మళ్లీ చూరు వైపు చూశాడు. దవాఖాన చూరు అది, వంకలేవీ దొరకలేదు కాబోలు. నాగర్‌కర్నూలు నుంచి సభల బట్టలతోనే పరుగున వచ్చిన అయ్యగారు అప్పుడే గుమ్మంలో నిలబడ్డారు. నాయిన ఆయన్ను చూసి, దగ్గి, "సరే అయ్యగారూ. ముందుకైతే వచ్చిన. ఎనుకకు ఎట్ల పోవాల్నో తెల్వదు. తొట్టి లేకపోతే నది లేదా?" అన్నాడు. అమ్మ స్తోత్రం అనలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. మసక వల్ల వచ్చిన ఏడుపు కాదు అది.

డాక్టరమ్మ ఒప్పుకున్నాక, క్రిస్మస్‌కు ముందు ఆదివారం తుంగభద్ర ఒడ్డున నాయిన బాప్తిస్మం జరిగింది. నీళ్లు మంచులా ఉన్నాయి. నీళ్లలోంచి లేచి ఆయన పలికిన మొదటి మాట, "సచ్చిన, ఇంత సల్లగనా!" రెండో మాట స్తోత్రం. రెండోది మాత్రమే సంఘం జ్ఞాపకం ఉంచుకుంది. నేను రెండూ ఉంచుకున్నాను.

తర్వాత పెద్దలు కూర్చుని నా సంగతి చర్చించారు. ఒక ఆడపిల్ల ఆశీర్వాదం పలకవచ్చా, పలికితే చెల్లుతుందా అని. చాలాసేపు విన్న అయ్యగారు చివరికి, "ఆశీర్వాదమంటే మనుషులు క్షేమంగ ఇంటికి చేరుడే గదా. అందరు చేరిన్రు. నేను పలికిన ఏ ఆశీర్వాదం ఇంత వెంటనే నెరవేరలే" అన్నారు. అంతే, చర్చ ముగిసింది. ఆ మాట నేను చాలామందికి చెప్పాను. ఇప్పుడు మీకూ చెప్పాను. గర్వం మంచిది కాదని తెలుసు. కానీ దేవుడు నా దగ్గర ఉన్న గర్వాలన్నిటినీ తీసేసి ఈ ఒక్కటి ఉంచితే చాలని నా మనవి.

పెళ్లయ్యాక నేను వనపర్తిలో స్థిరపడ్డాను. ఇక్కడి సంఘంలో కమిటీ మెంబర్ని కూడా. మొన్న మీటింగు నడుస్తుండగా అధ్యక్షుడి నెత్తి మీది ఫ్యాన్‌లోంచి నిప్పురవ్వలు రాలుతున్నాయి. అందరికంటే ముందు చూసింది నేనే. చూసి ఏం చేశాను? మర్యాదగా చెయ్యెత్తి, మాట్లాడటానికి అనుమతి కోసం ఆగాను. "ఈ అంశం అయ్యాక మీకు అవకాశం ఇస్తాం" అన్నారాయన, భుజం మీద పడ్డ రవ్వను దులుపుకుంటూ. నేను తలూపి, చెయ్యి దించి, బుద్ధిగా కూర్చున్నాను. ఇంతలో ఎవరో స్విచ్ కట్టేశారు కాబట్టి సరిపోయింది. ఇంటికి నడిచి వస్తుంటే, ఎవరినీ అడగకుండా మైకు ముందు రెండు చేతులూ చాచిన ఆ పిల్ల గుర్తొచ్చింది. దారిపొడుగునా ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ పిల్ల ఇప్పుడు నన్ను చూస్తే ఏమనేదో నాకు తెలుసు. "మెల్లగ పెద్దమ్మా, తొందరేం లేదు" అనేది.